ముప్పై రోజుల చీటీ

దంతవైద్యశాల, మేడ మీద
ఫిబ్రవరి 4

చేపల కంపౌండరుకి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం నావల్ల కాదు. నీ కుశలం సంగతి అక్కాచెల్లెళ్ళిద్దరూ రోజూ గంటసేపు ఫోన్లో తేల్చుకుంటూనే ఉన్నారు. ఒకే ఇంటి అల్లుళ్ళమైన పాపానికి మనం కూడా మాట్లాడుకోవాలని రూలేమీ లేదు. ఏడేళ్ళ కిందట అత్తగారింట్లో నువ్వు కంచం తోసేసి లేచిపోయిన దగ్గర్నుంచి నా ప్రాణం హాయిగానే ఉంది.

ఇప్పుడు రాస్తున్నది మీ వదిన పోరు పడలేక. "ఫోన్ చేస్తే రెండో నిమిషానికి కొట్టుకు చస్తారు. కాగితం మీద తిట్టుకోండి, కనీసం పక్కింటివాళ్ళకి వినపడదు" అంది.

విషయానికొస్తాను. మా వెయిటింగ్ హాల్లో ఉప్పునీళ్ళ అక్వేరియం ఉంది. పంటినొప్పితో వచ్చినవాళ్ళు నా గది తలుపు వంక చూసి వణక్కుండా దాన్ని చూస్తూ కూచుంటారు. అందులో ఆరేళ్ళుగా ఒక క్లౌన్ చేపల జంట కాపురం చేస్తోంది. నారింజ రంగు, మీద తెల్ల పట్టీలు. మీ వదిన వాటిని దంపతులు అంటుంది. పదిహేను రోజులకోసారి ఒకే రాయి మీద గుడ్లు పెడతాయి. ఇవి కాక రెండు రొయ్యలు, నాలుగు నత్తలు. ఈ పదిహేనో తారీఖున కొత్తగా ఒక పసుపురంగు సర్జన్ చేప వస్తోంది. సర్జన్ ఇంటికి సర్జన్.

చేపలమ్మే కొట్టువాడు సంచి కోసి గుమ్మరించెయ్యమంటున్నాడు. వాడు తన పళ్ళే తోముకున్నట్టు లేడు, వాడి మాట ఏం నమ్మను? నీకు వచ్చిన ఒక్క విద్యా ఇదే కాబట్టి అడుగుతున్నాను. కొత్త చేపని ఎలా దింపాలి? క్లుప్తంగా రాయి. వేదాంతం వద్దు.

నీ పెద్ద తోడల్లుడు


చేపల గోడౌన్, వెనక గది
ఫిబ్రవరి 8

మహారాజశ్రీ పెద్దల్లుడుగారికి,

ముందు చిన్న సవరణ. ఆ చేపకి తోక మొదట్లో నిజంగానే కత్తి ఉంటుంది కాబట్టి దాన్ని సర్జన్ అంటారు. మీరు పళ్ళు పీకుతారు. ఇద్దర్నీ ఒకే గాటన కట్టకండి, చేప నొచ్చుకుంటుంది.

నీళ్ళంటే మీకు పుక్కిలించి ఉమ్మేవే కాబట్టి అరటిపండు ఒలిచినట్టు చెప్తాను. చేప వచ్చేసరికి అక్వేరియంలో లైటు ఆర్పెయ్యండి. సంచి విప్పకుండా పావుగంట నీళ్ళలో తేలనివ్వండి, వేడి సమానమవుతుంది. తరవాత చేపనీ సంచిలో నీళ్ళనీ ఒక బకెట్లోకి దించి, అక్వేరియం నుంచి సన్నటి గొట్టంతో బొట్లు బొట్లుగా నీళ్ళు పడనివ్వండి. గంటసేపు. గొట్టానికి ముడి వేస్తే ధార బొట్టవుతుంది. ఆ గంటా మీరు పక్కనే ఉండాలి. రిసెప్షన్ అమ్మాయి కాదు, మీరు. తరవాత చేపని మాత్రమే వలతో తీసి వదలాలి. సంచి నీళ్ళు ఒక్క చుక్క కూడా అక్వేరియంలో పడకూడదు.

దింపే ముందు రాళ్ళు కాస్త అటూ ఇటూ జరపండి. గుడ్లు పెట్టే రాయి జోలికి మాత్రం పోకండి. ముందునుంచీ ఉన్నవాడికి కొత్తగా వచ్చినవాణ్ణి చూస్తే ఎక్కడలేని పెద్దరికం పుట్టుకొస్తుందని మీకు నేను చెప్పాలా? సామాను జరిపితే ఎవరి మూల ఏదో తెలీక అందరూ కాసేపు కొత్తవాళ్ళే అవుతారు. మేత ముందు పాతవాటికి వెయ్యండి. కొత్తది రెండు రోజులు తినకపోతే గాభరా పడొద్దు. ఎండిన సముద్రపు నాచు ఒక రాయికి చుట్టి పెట్టండి. అద్దం మీద కొట్టి పిలవకండి, అది మీ పేషెంటు కాదు.

అసలు మాట ఇది. కొత్త చేపని నెల్లాళ్ళు విడి తొట్టెలో ఉంచి చూడకుండా పాతవాటితో కలపకూడదు. మీవంటివాళ్ళకి అంత ఓపిక ఉండదు కాబట్టే మా గోడౌన్లు ఉన్నాయి. చేపతో ఒక చీటీ వస్తుంది. "ముప్పై రోజులు పూర్తి" అని, దాని కింద ఆ విడి తొట్టెల గది చూసేవాడి సంతకం. ఆ చీటీ ఉందంటే కళ్ళు మూసుకుని వదలండి. మీ గోడ మీద అద్దం కట్టించుకున్న పట్టా కంటే దానికి విలువెక్కువ.

మీ కంపౌండరు


దంతవైద్యశాల
ఫిబ్రవరి 17

కంపౌండరుకి,

ఇంత పొగరు నాలుగు పేజీలకి సరిపోయేది, ఒక పేజీలో కుక్కావు. సరే. చెప్పినవన్నీ చేశాను. లైటు ఆర్పాను. రాళ్ళు జరిపాను, మోచేతుల దాకా తడిసి. గొట్టం దగ్గర మాత్రం ఒకటి జరిగింది. మధ్యలో ఒకాయన దవడ వాచి కేకలు పెడుతూ వచ్చాడు. నేను లోపలికెళ్ళి వచ్చేలోపు ముడి వదులై ధార కట్టింది. గంట పట్టాల్సింది ఇరవై నిమిషాల్లో అయిపోయింది. చేప మాత్రం నిక్షేపంలా ఉంది. మొదటి రోజు ఫిల్టరు వెనక దాక్కుంది, నిన్న బయటికొచ్చి ఒక చుట్టు తిరిగింది, ఇవాళ పొద్దున నాచు కొరికింది. దంపతులు కాసేపు తరిమి ఊరుకున్నారు. మీ వదిన కుర్చీ లాక్కుని అక్కడే కూచుంది, మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు.

నేను పళ్ళకి చార్టు గీసినట్టే చేపకీ గీశాను. జతపరుస్తున్నాను. పై రెక్క చివర చిన్న కోత, చిలక్కొట్టినట్టు. ఎడమ కంటి కింద ఆవగింజంత గోధుమరంగు మచ్చ. నీకు చేప అంటే చేపే, నాకు ప్రతి నోరూ వేరు.

చీటీ ఉంది. ముప్పై రోజులు పూర్తి. కింద సంతకమంటావా, చీమని సిరాలో ముంచి కాగితం మీద వదిలినట్టుంది. దీనికా నా పట్టా కంటే విలువ?

నీ పెద్ద తోడల్లుడు


గోడౌన్
ఫిబ్రవరి 20

అన్నగారికి,

ఆ బొమ్మ ఇంకెవరికీ చూపించకండి, నవ్విపోతారు.

మనసు మార్చుకున్నాను. ఈ ఉత్తరం అందగానే ఆ పసుపు చేపని తీసి విడిగా ఒక తొట్టెలో పెట్టండి. పాతికముప్పై లీటర్లు పట్టే ప్లాస్టిక్ తొట్టె చాలు, ఒక చిన్న పంపు, హీటరు పెట్టి. ఎందుకని అడక్కండి. గొట్టం వదిలేసి పోయే మనిషిని నమ్మడం నాదే తప్పు. ఒంటి మీద ఉప్పురవ్వల్లా తెల్ల చుక్కలు కనిపిస్తే రాయండి.


దంతవైద్యశాల
ఫిబ్రవరి 26

నీ ఉత్తరం ఇరవైనాలుగున చేరింది. తెల్ల చుక్కలు ఇరవైమూడునే వచ్చాయి.

ముందు పసుపుదాని మీద, మర్నాటికి దంపతుల మీద. ఉప్పు చల్లినట్టు. మగది రాళ్ళకి ఒళ్ళు రుద్దుకుంటూ తిరిగింది, ఆడది నీళ్ళు పైకొచ్చే చోట నోరు తెరుచుకుని నిలబడింది. నేను రోజూ తెరిచిన నోళ్ళు చూసేవాణ్ణి, ఆ నోరు మాత్రం చూడలేకపోయాను. నిన్న మధ్యాహ్నం మగది, ఇవాళ పొద్దున ఆడది పోయాయి. రాయి మీద గుడ్లు అలాగే ఉన్నాయి. పసుపుది విడి తొట్టెలో ఎక్స్‌రే గదిలో ఉంది, చావలేదు.

మీ వదిన నాతో మాట్లాడటం మానేసింది. "ఉన్నవాళ్ళు చాలక ఇంకోడు కావాల్సొచ్చాడా?" అంది, అంతే, అదే ఆఖరు మాట.

ఇదేనా నీ విద్య? ఏడేళ్ళ కిందట నిన్ను కంపౌండరు అన్నందుకు కంపౌండర్లందరికీ క్షమాపణ చెప్పుకోవాలి. వాళ్ళు ఇంతకంటే నయం.


గోడౌన్
మార్చి 1

పెద్దల్లుడుగారికి,

నా విద్య మీద రాళ్ళు వేసే ముందు మీ చేతులు చూసుకోండి. గంటసేపు బొట్లు వెయ్యమంటే ఇరవై నిమిషాల్లో కుమ్మరించారు. అలా అదిరిపోయిన చేపకి ఒంట్లో ఏ మూల ఏ తెగులు దాక్కున్నా పైకొస్తుంది. మీ పేషెంటుకి మత్తు ఎక్కకుండానే పన్ను లాగితే ఏమవుతుంది? అదే అయింది. దవడ వాచినాయన ఒక్క పావుగంట ఆగితే చచ్చేవాడు కాదు. దంపతులు చచ్చారు.

ఇప్పుడు చెయ్యాల్సింది రాస్తాను, ఈసారైనా అక్షరం పొల్లు పోకుండా చెయ్యండి. పసుపుదానికి రాగి మందు, సీసా మీద రాసినంతే, విడి తొట్టెలో మాత్రమే. ఆ మందు పెద్ద అక్వేరియంలో పడిందా, రొయ్యలూ నత్తలూ కూడా పోతాయి. పెద్దదాంట్లో పదకొండు వారాల దాకా ఒక్క చేప ఉండకూడదు. పంపు ఆగకూడదు, హీటరు ఆగకూడదు, నీళ్ళు ఎప్పటిలాగే మార్చాలి. ఆ తెగులు పురుగుకి చేప ఒళ్ళు దొరక్కపోతే ఆకలికి తనే చస్తుంది. దానికి తొందర లేదు. తొందర అంతా మనుషులకే.


దంతవైద్యశాల
ఏప్రిల్ 27

తమ్ముడికి,

ఈ పిలుపు చూసి నీకు నవ్వొస్తే నవ్వుకో.

తొమ్మిది వారాలైంది. వెయిటింగ్ హాల్లో ఖాళీ అక్వేరియం వెలుగుతోంది. పేషెంట్లు రకరకాలుగా అంటున్నారు. "డాక్టరుగారు చేపలకి కూడా పళ్ళు పీకారేమో" అని ఒకాయన రోజూ అదే జోకు. నేను మాత్రం సాయంత్రం ఆఖరి పేషెంటు వెళ్ళాక నీళ్ళ వేడి చూసి, ఉప్పు చూసి, రాస్తున్నాను. ఎక్స్‌రే గదిలో పసుపుది బతికింది. మందు నేనే కొలుస్తాను, ఎవర్నీ దగ్గరికి రానివ్వను. మీ వదిన ఈమధ్య తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. మొన్న "తింటోందా?" అంది. రెండు నెలల్లో నాతో అన్న మొదటి మాట అది.

ఇన్నాళ్ళు ఖాళీ నీళ్ళ ముందు కూచుంటే మనిషికి కొన్ని సంగతులు తెలుస్తాయి. దవడ వాచినాయన ఆగేవాడే. నేనే ఆగలేదు, ఎందుకంటే లోపల నేను డాక్టర్ని, బయట చేపకి నేను ఎవర్నీ కాను. నీ పని అంత తేలికని అనుకున్నాను. అత్తగారింట్లో నలుగురి ముందూ "మా తోడల్లుడు చేపలకి కంపౌండరు" అని నవ్వించిన రోజు నాకు నీ పని సంగతి ఏమీ తెలీదు. ఇప్పుడు కాస్త తెలిసింది. ఆ మాట అనకుండా ఉండాల్సింది. దంపతుల్ని చంపింది నా చెయ్యే. రెండిటికీ కలిపి నన్ను క్షమించు.

దీన్ని మీ ఆవిడకి చదివి వినిపించకు. నాకంటూ కాస్త పరువు మిగలనివ్వు.

నీ అన్న


గోడౌన్
మే 1

అన్నగారికి,

మీ ఉత్తరం మీ మరదలికి చదివి వినిపించలేదు. నాకు నేను చదువుకోవడమే కష్టమైంది.

మీ చెయ్యి వాటిని చంపలేదు. గొట్టం ఇరవై నిమిషాల్లో పారినంత మాత్రాన తెల్లచుక్కల తెగులు పుట్టదు. అది చేపతోనే వచ్చింది. ఆ చేప నా గదిలోంచి వచ్చింది.

పై రెక్క చివర కోత, ఎడమ కంటి కింద మచ్చ. మీ బొమ్మ చూసిన క్షణంలోనే గుర్తుపట్టాను. మూడో తొట్టెలో ఉండేది. చీమ నడిచినట్టున్న సంతకం నాదే. ముప్పై రోజులని రాశాను. అది నా గదిలో ఉన్నది తొమ్మిది రోజులు. మర్నాడు కొత్త సరుకు దిగుతోంది, తొట్టెలు ఖాళీ లేవు. ఓనరు వచ్చి, "సంతకం పెట్టెయ్యవయ్యా, మిగతాది దేవుడు చూసుకుంటాడు" అన్నాడు. పెట్టాను. ఆరోజు పద్నాలుగు చేపలకి పెట్టాను. ఒక్కసారే అంటే నమ్మకండి. అంతకుముందు రెండుసార్లు పెట్టాను.

బొమ్మ అందిన రోజు ఫోను చేతిలోకి తీసుకున్నాను. అప్పటికింకా చుక్కలు రాలేదు. ఒక్క మాట చెప్పి ఉంటే మీరు ఆ పూటే దాన్ని వేరు చేసేవారు. ఎందుకని అడుగుతారని భయపడి ఫోను పెట్టేసి ఉత్తరం రాశాను. అది మీకు చేరడానికి నాలుగు రోజులు పట్టింది. తరవాత మీ గొట్టం సంగతి నాకు కలిసొచ్చింది. మీ మీదికి తోసేశాను, పైగా తిట్టాను.

ఏడేళ్ళుగా మీ ముందు నాకున్నది ఒక్కటే, నా పని నేను సరిగ్గా చేస్తానన్న మాట. అది కూడా లేదని మీకెలా చెప్పను? ఈ ఉత్తరం ఎవరికి చూపించుకున్నా సరే.


దంతవైద్యశాల
మే 5

నీకు ఏ పిలుపూ పెట్టడం లేదు.

తొమ్మిది రోజులకి ముప్పై అని రాశావు. అదొక తప్పు. ఓనర్లున్న చోట అలాంటివి జరుగుతాయి, నాకూ తెలుసు. దాన్ని నేను మరిచిపోగలను. కానీ రెండు నెలలు నాచేత నా చేతుల్ని తిట్టించావు. ఒక ఆడమనిషి తన మొగుడి మొహం చూడకుండా ఒకే ఇంట్లో రెండు నెలలు తిరిగింది. చివరికి నాచేత క్షమాపణ కూడా రాయించుకున్నావు. అది చేతికొచ్చాక గానీ నీకు నోరు పెగల్లేదు. నిన్ను కంపౌండరు అన్నందుకు చెప్పిన క్షమాపణ వెనక్కి తీసుకుంటున్నాను. కంపౌండరు తప్పు మందిస్తే పరుగెత్తుకొచ్చి చెప్తాడు.

మీ వదినకి మొత్తం చదివి వినిపించాను. ఆవిడ అంతా విని, "మరి మిగతా పదమూడో?" అంది.

నాకు తట్టలేదు సుమా. పద్నాలుగు చేపలకి సంతకం పెట్టానన్నావు. ఒకటి నా ఇంటికొచ్చింది. మిగతా పదమూడు ఎవరిళ్ళకి పోయాయి? ఎంతమంది తమ చేతుల్ని తిట్టుకుంటూ కూచున్నారు? వాళ్ళని వెతుకు. నాకు రాసినంత పొడుగ్గా వద్దు, ఉత్తరాలూ వద్దు. ఫోన్ చెయ్యి. అది చేసిన తరవాతే నాకు మళ్ళీ రాయి. చెయ్యకపోతే రాయకు.


ఇల్లు
మే 30

అన్నగారికి,

గోడౌన్ నుంచి కాదు, ఇంటి నుంచి రాస్తున్నాను. కారణం కింద ఉంది.

రిజిస్టర్లో చూసి ఏ కొట్టుకి ఎన్ని పోయాయో రాసుకున్నాను. కొట్లవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి కొన్నవాళ్ళ నంబర్లు సంపాదించాను. పదమూడింట్లో పదకొండు దొరికాయి. ఇద్దరి ఆచూకీ తెలీలేదు. ఆరుగురి ఇళ్ళలో అక్వేరియం మొత్తం పోయింది. ఒకావిడ, "నేను నీళ్ళు సరిగా మార్చలేదేమోనని మా ఆయన ఇప్పటికీ దెప్పుతాడు బాబూ, ఆయనకివ్వనా ఫోను, ఆయనకి చెప్తావా?" అంది. ఆయనకి చెప్పాను. ఆయన నన్ను తిట్టిన తిట్లు నేను మీకు ఉత్తరాల్లో కూడా రాయలేనివి. ఇంకొకాయన "అలాగా" అని పెట్టేశాడు. అదే ఎక్కువ తగిలింది.

మిగిలిన ఐదుగురివి ఎలాగో బతికాయి. వాళ్ళకి ఏ లక్షణం కనపడితే ఏం చెయ్యాలో చెప్పాను.

సంగతి ఓనరు దాకా వెళ్ళింది. "నా సరుకు గురించి ఊరంతా చాటింపు వేస్తావా?" అన్నాడు. తొట్టెల మీద ఏ చేప ఏ రోజు దిగిందో సుద్దతో పెద్ద అక్షరాలతో రాసి ఉంచాను, ఇకమీదట ఇవి చూసే సంతకం పెడతానన్నాను. తడిగుడ్డ తీసుకుని ఆయనే వరసగా తుడిచేశాడు. తాళం చెవులు బల్ల మీద పెట్టి వచ్చేశాను. వెళ్ళగొట్టాడని కూడా అనుకోవచ్చు, రెండూ ఒకేసారి జరిగాయి.

మీ మరదలికి ఇప్పుడు అన్నీ తెలుసు. "ముందే చెప్పి ఉంటే ఉద్యోగం ముందే పోయేది, ఇంత సిగ్గు ఉండేది కాదు" అంది. నన్ను బండబూతులు తిట్టినాయన నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. అక్వేరియం మొదట్నుంచీ పెడతాడట, వచ్చి చూడమన్నాడు. "నమ్మి కాదు, నీ అంత భయపడ్డవాడు ఇంకోడు దొరకడు కాబట్టి" అన్నాడు. వెళ్తున్నాను.


దంతవైద్యశాల
జులై 4

తమ్ముడికి,

ఉద్యోగం పోయినందుకు నీ మీద జాలి పడుతున్నానని అనుకోకు. ఆ ఉద్యోగం నీకు పోవాల్సిందే. పదకొండుమందిని వెతికినందుకు మెచ్చుకుంటాననీ అనుకోకు, అది నీ పూచీ. ఇద్దరు ఇంకా మిగిలారు.

పసుపుదాన్ని పదకొండు వారాలూ నిండాక పెద్దదాంట్లోకి మార్చాం. హాలంతా తనదే అన్నట్టు తిరుగుతోంది. గిట్టదు నాకది, మేత మాత్రం నేనే వేస్తాను. మీ వదిన కొత్తగా ఒక క్లౌన్ జంటని తెచ్చింది. చిన్నవి, వేలెడు కూడా లేవు. చీటీ ఉంది, చించి అవతల పారేసింది. ఎక్స్‌రే గదిలో విడి తొట్టెలో పెట్టి రోజూ చార్టు గీస్తోంది, నాకంటే బాగా గీస్తోంది. ఇవాళ్టికి ముప్పై రోజులు. రెండూ తింటున్నాయి, ఒళ్ళు శుభ్రంగా ఉంది. మంగళవారం మాత్రం చిన్నది ఒకసారి గొట్టానికి ఒళ్ళు రుద్దుకున్నట్టు మీ వదినకి అనిపించింది. నేను చూడలేదు. ఆ తరవాత అది మళ్ళీ అలా చెయ్యడం ఎవరికీ కనపడలేదు.

ఆవిడకి ఆదివారం వదలాలని ఉంది. నాకూ ఉంది, ఆ హాలు చూడలేకపోతున్నాను. వదలమంటావా, వద్దంటావా? నువ్వు చెప్పినట్టే చేస్తామంది మీ వదిన. నేను ఆ మాట అనలేదు, ఆవిడ అంది.

నీ అన్న


ఇల్లు
జులై 7

అన్నగారికీ వదినకీ,

వదిన చూసింది చూసినట్టే లెక్క. ఇంకో మూడు వారాలు ఆగండి.

మీ తమ్ముడు